గుడ్డ మీద నడిచే చెక్క తలుపు

ఈసారి పోస్టు కాస్త పొడుగైంది. ఆదివారమే కదా, టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ఇప్పుడు అమెరికాలో ఏ హోటల్ లాబీకి పోయినా, ఏ కాఫీ షాపు కౌంటర్ చూసినా ముందువైపు సన్న సన్న చెక్క బద్దలు నిలువుగా వరసపెట్టి అంటించి ఉంటున్నాయి. మనలో చాలామంది చేతులతో అంటించిన సరుకే అది. చాపలా చుట్టుకుంటుంది, గుండ్రటి స్తంభానికైనా చక్కగా ఒదిగిపోతుంది. డ్రాయింగుల్లో దాని పేరు టాంబూర్ అని ఉంటుంది, ఇక్కడి వడ్రంగులు టాంబర్ అంటారు. గోడకి అంటించే సోకుగానే మనకి దాంతో పరిచయం. కానీ దాని అసలు ఉద్యోగం అది కాదు. అది పుట్టింది తలుపుగా. గాడిలో నడిచి, మూల తిరిగి, బీరువా ఒంట్లోకి మాయమైపోయే తలుపు. దాన్ని కదలకుండా గోడకి అంటించేసింది ఈ కాలమే.

ఈ తలుపు చరిత్ర తవ్వుకుంటూ పోతే మేము అనుకోని చోట్లకి తేలాం. ఎక్కడ చూసినా వలస వచ్చినవాళ్లే తగిలారు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు వస్తువు ఏంటో చెప్పాలి. మన ఊళ్లలో పాత కోమటి కొట్లు గుర్తున్నాయా? తలుపు ఒకే ముక్క ఉండేది కాదు. నిలువు పలకలు ఒక్కొక్కటి తెచ్చి కింద గాడిలో, పైన గాడిలో నిలబెట్టేవాళ్లు. ఒకటి, రెండు, మూడు అని ప్రతి పలకకీ నంబరు. తర్వాత ఇనప రోలింగ్ షట్టర్ వచ్చింది. ఆ పలకల్ని బాగా సన్నం చేసి, షట్టర్‌లాగా ఒకదానికొకటి కలిపేస్తే టాంబూర్ అవుతుంది. తేడా ఏంటంటే షట్టర్‌లో ఇనప బద్దలు ఒకదాంట్లో ఒకటి కొక్కెంలా దూరి ఉంటాయి. టాంబూర్‌లో చెక్క బద్దకీ చెక్క బద్దకీ ఏ సంబంధమూ లేదు. మేకు లేదు, కీలు లేదు. వెనకాల ఒక కాన్వాస్ గుడ్డ అంటించి ఉంటుంది. మొత్తం తలుపుని పట్టుకుని ఉన్నది ఆ గుడ్డే. బయటికి కనపడదు.

పేరు ఫ్రెంచి వాళ్లది. వాళ్ల భాషలో టాంబూర్ అంటే డోలు. మన తంబురాకీ ఆ మాటకీ అరబ్బీ, పారశీ దారుల్లో ఎక్కడో చుట్టరికం ఉందని భాష తెలిసినోళ్లు అంటారు. డోలుకీ తంబురాకీ ఎలా కుదిరిందో ఆ భాషల వాళ్లకే తెలియాలి.

తయారీ వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. చెయ్యబోతే తెలుస్తుంది. ఒకే పలకలోంచి బద్దలు కొయ్యాలి, అదే వరసలో పెట్టుకోవాలి, అప్పుడే మూసినప్పుడు చెక్క చారలు కలుస్తాయి. బద్ద వెడల్పు అర అంగుళం నుంచి ముప్పావు, మందం పావు అంగుళం, ఇంకాస్త. కావలసిన లెక్కకన్నా ఎక్కువే కోసి, కొన్ని రోజులు ఊరికే వదిలెయ్యాలి. మెలిక తిరిగేవి ఆ లోపల తిరిగేస్తాయి, వాటిని తీసి పొయ్యిలో పెట్టుకోవచ్చు. మిగిలినవాటికి చిత్రిక పట్టి, అంచులు కొద్దిగా గుండ్రం చేసి, ముఖం కిందికి వీపు పైకి ఉండేలా చట్రంలో బిగించాలి. ఇక్కడ మూలమట్టం తప్పితే అంతే సంగతులు. బద్దలన్నీ ఒకదానికొకటి సమంగా ఉన్నా, మొత్తం చాప ఏటవాలుగా అతుక్కుంటే ఆ తలుపు జన్మలో సరిగా నడవదు. పైన ముందు పోతుంది, కింద వెనక పడుతుంది, మధ్యలో బిగుసుకుంటుంది.

తర్వాత వీపు మీద జిగురు రాసి గుడ్డ పరచాలి. గుడ్డ బద్దల చివరిదాకా రాకూడదు. రెండువైపులా అర అంగుళం ముందే ఆగిపోవాలి, ఎందుకంటే గాడిలో నడిచేది బద్దల కొసలు. జిగురు ఎక్కువైతే బద్దల సందుల్లోకి దిగి రెంటినీ ఒకటి చేసేస్తుంది, అప్పుడు అక్కడ వంగదు. అందుకని జిగురు పూర్తిగా రాయి కాకముందే ఒకసారి వంచి చూసుకుంటారు. గాడి ఏమో బద్ద కొసకన్నా నూలువాసి వదులుండాలి, మలుపు దగ్గర ఇంకాస్త. మలుపు మరీ బిర్రుగా ఉంటే బద్ద వెడల్పు తిరగదు. గాడి వెనకవైపు ఎక్కడో ఒకచోట తెరిచే ఉంచాలి. తలుపుని ఎక్కించేది ఆ సందులోంచే, రేపు పాడైతే దించేదీ ఆ సందులోంచే. బీరువా లోపల ఇంకో పల్చటి గోడ కట్టాలి, లేకపోతే లోపలికి వెళ్లిన తలుపు సామాన్లకి తగులుకుంటుంది. చివరికి గాడిలో కాస్త మైనం.

ఇంకోటి. చెక్క పొడుగులో పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. అమెరికాలో ఎండాకాలం తేమ, చలికాలం హీటర్ వేసేసరికి ఇంట్లో గాలి ఎండిపోతుంది. వెడల్పాటి ఒకే పలక అయితే ఈ ఆటకి పగుళ్లిస్తుంది. టాంబూర్‌లో ఒక్కో బద్ద వెంట్రుకవాసి ఉబ్బి వెంట్రుకవాసి తగ్గుతుంది. ఏదీ పగలదు. అలా అని నలభై బద్దల ఉబ్బు కలిపితే తక్కువేం కాదు, ఆ చోటు ముందే వదిలిపెట్టాలి. ఇది తెలిసినవాడే పనివాడు.

ఇక కథలోకి.

ఐరోపాలో ఈ పని పారిస్‌లో పేరుకెక్కింది. 1760 ప్రాంతంలో అక్కడ జాన్ ఫ్రాంస్వా ఓబెన్ అనే వడ్రంగి గుండ్రటి మూత ఉన్న రాత బల్లలు చేశాడు. 15వ లూయీ రాజుకి 1760లో మొదలుపెట్టిన బల్ల 1769కి గానీ పూర్తి కాలేదు. మధ్యలో ఓబెన్ చనిపోతే, అతని దగ్గర పనిచేసిన రీసెనర్ పూర్తి చేశాడు. రాజుగారి బల్ల మూత బద్దలది కాదు, ఒకే వంపు చెక్క. అది పావు గుండ్రమే తిరగ్గలదు. బద్దల మూత అయితే ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరుగుతుంది. ఇక్కడ మనకి కావలసిన సంగతి వేరే ఉంది. ఓబెన్, రీసెనర్ ఇద్దరూ ఫ్రెంచి వాళ్లు కారు. జర్మనీ వైపు నుంచి పని వెతుక్కుంటూ పారిస్ వచ్చినవాళ్లు.

ఇంగ్లండులో 1788లో హెపుల్‌వైట్ పేరుతో వచ్చిన ఫర్నిచర్ నమూనాల పుస్తకంలో టాంబూర్ బల్లల బొమ్మలున్నాయి. అక్కడి వడ్రంగులు అవి చూసి చేశారు, సముద్రం దాటినవాళ్లు ఆ పనిని ఇటు తెచ్చారు. షెరటన్ అనే ఇంకో పెద్దాయన మాత్రం 1803లో తన నిఘంటువులో ఈ టాంబూర్ బల్లల వాడకం దాదాపు పోయిందని, భద్రత లేదని, తొందరగా దెబ్బతింటాయని రాసిపారేశాడు. ఆయన లండన్‌లో కూర్చుని అలా రాసేనాటికి బోస్టన్‌లో ఒక తండ్రీ కొడుకూ అదే టాంబూర్‌తో అమెరికాలోనే అందమైన బల్లలు చేస్తున్నారు.

ఆ తండ్రి జాన్ సీమోర్, కొడుకు థామస్. ఇంగ్లండులో ఆక్స్‌మిన్‌స్టర్ అనే ఊరు, తివాచీలకి పేరున్న ఊరు. 1784లో కుటుంబంతో బయలుదేరి ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ చేరారు. థామస్‌కి అప్పుడు పదమూడేళ్లు. ఆ ఊరిని 1775 యుద్ధంలో బ్రిటిషు ఓడలు తగలబెట్టేశాయి, తిరిగి కట్టుకుంటున్నారు. కాలిన ఊళ్లో పని దొరుకుతుంది కానీ నగిషీ పనికి డబ్బు పెట్టేవాడు దొరకడు. తొమ్మిదేళ్లు చూసి 1793లో బోస్టన్ వెళ్లారు. వలస మీద వలస. దుబాయ్‌లో కొన్నేళ్లు, తర్వాత ఇంకో దేశం, తర్వాత ఇక్కడ. మనకి తెలియని దారేం కాదు.

బోస్టన్‌లో క్రీక్ స్క్వేర్ అనే చోట కొట్టు పెట్టారు. 'జాన్ సీమోర్ అండ్ సన్, క్రీక్ స్క్వేర్, బోస్టన్' అని చిన్న కాగితం అచ్చేసి తమ సరుకు మీద అంటించేవారు. వాళ్ల టాంబూర్ బల్ల ఎలా ఉంటుందంటే, కింద సొరుగులు, పైన రెండు తలుపులు. తలుపులు మధ్యలోంచి చెరోవైపూ జరిగి పక్కలకి మాయమవుతాయి. ఆ బద్దల మీద లేత రంగు చెక్కతో పూలదండ పొదిగారు. తలుపు మూస్తే దండ ఒక బద్ద మీంచి ఇంకో బద్ద మీదికి వేలాడుతూ సాగుతుంది. తెరుస్తుంటే దండ కూడా బద్ద బద్దగా లోపలికి పోతుంది. చేసేవాడి కష్టం ఆలోచించండి. బద్దల వరసలో ఒక్కటి అటూ ఇటూ అయితే దండ తెగిపోయినట్టే. లోపల గూళ్లకి లేత నీలం రంగు వేసేవారు, పిట్ట గుడ్డు నీలం. ఇప్పటికీ ఆ నీలం కనపడితే సీమోర్ పనేమో అని నిపుణులు వంగి చూస్తారు. డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియంలో వాళ్ల లేబుల్ ఉన్న టాంబూర్ బల్ల ఉంది.

థామస్ పెద్దయ్యాక సొంతంగా బోస్టన్ ఫర్నిచర్ వేర్‌హౌస్ అని పెద్ద దుకాణం తెరిచాడు. 1809లో ఎలిజబెత్ డెర్బీ వెస్ట్ అనే ధనవంతురాలికి అరచంద్రం ఆకారంలో ఒక పెద్ద సొరుగుల బీరువా చేశాడు. అది టాంబూర్ కాదు కానీ దాని బిల్లు మిగిలింది, బిల్లంటే మాకు ఆసక్తి. బీరువాకి 80 డాలర్లు. పైన గవ్వల బొమ్మలు వేసినందుకు పెన్నిమాన్ అనే చిత్రకారుడికి ఇచ్చినది 10 డాలర్లు, విడిగా రాశాడు. అంటే సబ్‌కాంట్రాక్ట్. రెండొందల ఏళ్లు దాటినా ఆ రంగులేసిన మనిషి పేరు మనకి తెలుస్తోందంటే, థామస్ ఆ పది డాలర్లని తన లెక్కలో కలిపేసుకోకుండా మనిషి పేరుతో రాసినందుకే. ఇప్పటి మన ఇన్వాయిసుల్లో 'లేబర్' అని ఒక్క ముక్క ఉంటుంది, చూశారుగా.

అయితే 1807 చివర్లో అమెరికా ప్రభుత్వమే తన ఓడలు పరదేశాలకి పోకుండా ఆపేసింది. బోస్టన్ బతికేదే ఓడరేవు మీద. వర్తకులు చితికితే వాళ్లకి బల్లలు చేసేవాళ్లు ఏం బాగుంటారు? ఆ వెంటనే 1812 యుద్ధం. థామస్ సొంత వ్యాపారం మూతపడింది. 1818లో తండ్రి పోయాడు. ఆ తర్వాత థామస్ ఐజాక్ వోస్ అనే వేరే యజమాని దగ్గర ఫోర్‌మన్‌గా చేరాడు. అంటే మేస్త్రీ. మన భాషలో సూపర్‌వైజర్. అక్కడ తయారైన సరుకు వోస్ పేరు మీద పోయింది. వోస్ బల్లల్లో సీమోర్ చెయ్యి ఎక్కడుందో పరిశోధకులు వెతికి పట్టుకోవడానికి దాదాపు రెండొందల ఏళ్లు పట్టింది.

ఇప్పుడు వాషింగ్టన్ గారి సంగతి. మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1797లో పదవి దిగి ఇంటికి పోతూ ఫిలడెల్ఫియాలో ఒక రాత బల్ల కొన్నాడు. ధర 145 డాలర్లు. చేసినవాడు జాన్ ఐట్కెన్, స్కాట్లాండ్ నుంచి వచ్చిన వడ్రంగి. ఆ బల్లకి జరిగే బద్దల మూత ఉంది. 1799లో వాషింగ్టన్ వీలునామా రాస్తూ ఈ బల్లని తన పాత స్నేహితుడు డాక్టర్ క్రెయిక్‌కి ఇచ్చాడు. అక్కడ ఆయన రాసిన తీరు మాకు నచ్చింది. దాన్ని బ్యూరో అన్నాడు. అని ఊరుకోక పక్కనే, వడ్రంగులు దీన్ని టాంబూర్ సెక్రటరీ అంటారు అని కలిపాడు. దేశాధ్యక్షుడు ఆస్తి పత్రంలో ఒక వస్తువు ఏదో తేడా రాకుండా చెప్పాల్సి వచ్చినప్పుడు వాడుకున్నది పనివాళ్ల మాట. సైటులో కూడా అంతే. ఆఫీసువాళ్ల పేరు ఒకటుంటుంది, చివరికి సామాను దొరికేది మాత్రం పనివాడు పిలిచే పేరుతోనే.

అదే వీలునామాలో ఇంకో సంగతీ ఉంది. ఆ ఏడాది మౌంట్ వెర్నాన్‌లో 317 మంది బానిసలున్నారు. అందులో చట్టప్రకారం వాషింగ్టన్ సొంతమైన 123 మందిని తన భార్య తర్వాత విడుదల చెయ్యాలని రాశాడు. మిగతావాళ్లలో ఎక్కువమంది భార్య వైపు ఆస్తి కింద లెక్క, వాళ్ల మీద ఆయన మాట చెల్లదు. ఆ బానిసల్లో వడ్రంగులున్నారు. ఆ ఎస్టేటు కొట్టాలు, కంచెలు, తలుపులు కట్టింది వాళ్లు. బల్ల చేసిన ఐట్కెన్‌కి కొట్టుంది, బిల్లుంది, పేరుంది. ఈ వడ్రంగుల పేర్లు మిగిలింది ఆస్తి జాబితాల్లో. ఆ బల్ల ఇప్పుడు మౌంట్ వెర్నాన్‌లోనే ఉంది. వాషింగ్టన్ డీసీ దగ్గర పనిచేసే మనోళ్లు సెలవు రోజు పోయి చూసి రావచ్చు.

తర్వాత యాభై అరవై ఏళ్లు ఈ తలుపు పెద్దగా వెలగలేదు. మళ్లీ ఊపిరి పోసింది ఆఫీసులు. అంతర్యుద్ధం అయ్యాక రైళ్లు, బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, ఎక్కడ చూసినా కాగితం. గుమాస్తాకి గూళ్లు కావాలి, సాయంత్రం అన్నీ కప్పి తాళం వేసుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రం బఫెలో ఊళ్లో ఆబ్నర్ కట్లర్ అనే ఫర్నిచర్ వ్యాపారి 1882లో రోల్‌టాప్ బల్లకి పేటెంట్ తీసుకున్నాడు. పాత ఇంగ్లీషు సినిమాల్లో పోలీసు అధికారి, రైల్వే స్టేషన్ మాస్టర్ ముందుండే బల్ల అదే. పైనుంచి పాములా వంపు తిరిగి దిగే బద్దల మూత. సీమోర్ చేతి పని ఇక్కడికి వచ్చేసరికి ఫ్యాక్టరీ పని అయింది. బద్దలు మరమీద వందల్లో కోసి, ఒకే కొలతలో అంటించి, రైలెక్కించడమే. సియర్స్ కేటలాగులో చూసి పోస్టులో కూడా తెప్పించుకునేవారు.

ఇలాంటి ఫర్నిచర్‌కి రాజధాని మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్. ఊరంతా కొయ్య ఫ్యాక్టరీలే. పనిచేసేది హాలండ్ వాళ్లు, పోలండ్ వాళ్లు, జర్మన్లు, లిథువేనియా వాళ్లు. రోజుకి పది గంటలు. చాలామందికి కూలి రెండు డాలర్ల లోపు, అదీ ముక్క లెక్కన. మరమీద వేళ్లు పోతే పోయినట్టే. 1911 ఏప్రిల్ 19న ఆరువేల మందికి పైగా పని ఆపి బయటికి వచ్చారు. అడిగింది తొమ్మిది గంటల పని, నూటికి పది కూలి పెంపు, ముక్క లెక్క రద్దు. యజమానులందరూ ముందే ఒక సంఘంగా ఉన్నారు. ఒక ఫ్యాక్టరీలో మానేసినవాడికి ఇంకో ఫ్యాక్టరీలో పని దొరక్కుండా పేర్లు, చరిత్ర అన్నీ వాళ్ల దగ్గర రాసి ఉండేవి.

సమ్మె నాలుగు నెలలు సాగింది. ఫ్యాక్టరీలు బయటి ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చాయి. ఒక ఫ్యాక్టరీ ముందు పోలండ్ ఆడవాళ్లు రాళ్లు పట్టుకుని నిలబడ్డారు. క్యాథలిక్ బిషప్ ష్రెంబ్స్ కార్మికుల వైపు మాట్లాడాడు, పోలండ్ వాళ్లు ఎక్కువ ఆయన గుడివాళ్లే. హాలండ్ వాళ్లలో చాలామంది వెళ్లే చర్చి మాత్రం యూనియన్‌లో చేరడం మన మతానికి తగదని చెప్పింది. ఇంట్లో పిల్లలకి తిండి లేదు, గుళ్లో పాపం అంటున్నారు, వాడేం చేస్తాడు? ఒక్కొక్కరే లోపలికి పోవడం మొదలైంది. ఆగస్టుకి సమ్మె ముగిసింది. యజమానులు యూనియన్‌ని గుర్తించలేదు. ఎవర్నీ తప్పుపట్టడం తేలిక. గల్ఫ్ క్యాంపుల్లో జీతాలు ఆగినప్పుడు మేము చూశాం, కేరళ వాళ్లు ఒక మూల, మనోళ్లు ఒక మూల, మనోళ్లలో మళ్లీ జిల్లాల వారీగా మూడు మూలలు. కంపెనీవాడికి అంతకన్నా ఏం కావాలి? అయిదేళ్లకి, 1916లో, గ్రాండ్ ర్యాపిడ్స్ నగర పాలన పద్ధతే మార్చేశారు. వార్డుల వారీగా మనుషుల్ని ఎన్నుకునే పాత పద్ధతి పోవడంతో కార్మికుల పేటల ఓటుకి బరువు తగ్గింది.

1911లోనే ఇంకోటి జరిగింది. ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు పనిని గడియారం పెట్టి ఎలా కొలవాలో పుస్తకం అచ్చేశాడు. సైటులో మనం నింపే టైమ్‌షీట్‌కి తాతగారు ఆయనే అనుకోవచ్చు. ఆ ఆలోచన ఆఫీసులకి ఎక్కాక మొదట దెబ్బ తిన్నది రోల్‌టాప్ బల్ల. ఎందుకో చూడండి. ఆ బల్ల ముందు కూర్చున్న గుమాస్తా ఏం చేస్తున్నాడో వెనక నుంచి, ఎదర నుంచి కనపడదు. గూళ్లలో కాగితాలు పేరుకుపోతాయి, మూత దించితే ఏ ఫైలు ఎక్కడుందో వాడికి తప్ప ఎవరికీ తెలీదు. యజమానికి అది నచ్చదు. 1915 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఈక్విటబుల్ ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసులో మూత, గూళ్లు లేని సమతలం బల్లలు వేశారు. పేరు 'మోడరన్ ఎఫిషియెన్సీ డెస్క్'. దాని మీద ఏదీ దాగదు. ఇప్పుడు ఆఫీసుల్లో మనం బిగిస్తున్న వరస బల్లలు, గోడల్లేని హాళ్లు, అన్నీ ఆ కోవే.

రెండో దెబ్బ ఉక్కుది. 1912లో అదే గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మెటల్ ఆఫీస్ ఫర్నిచర్ అని కంపెనీ పుట్టింది. తర్వాత స్టీల్‌కేస్ అయింది, దాని పేరు మీకు తెలుసు. ఎత్తైన భవనాల్లో చెక్క సామాను అంటుకుంటే కష్టమని వాళ్లు ఉక్కు బల్లలు అమ్మారు. మొదటి పెద్ద ఆర్డర్లలో ఒకటి బోస్టన్ కస్టమ్ హౌస్ టవర్‌కి, 200 బల్లలు. సీమోర్ తండ్రీకొడుకులు బద్దల మీద పూలదండ పొదిగిన అదే బోస్టన్.

ఆఫీసులోంచి గెంటేస్తే టాంబూర్ వంటింట్లో చేరింది. ఇండియానా రాష్ట్రంలో న్యూ కాజిల్ ఊరి హూజియర్ కంపెనీ వంటింటి బీరువాలు చేసింది. పైన పిండి డబ్బా, మధ్యలో పని చేసుకునే చోటు, ఆ చోటు కనపడకుండా మూసే బద్దల తలుపు. లక్షల్లో అమ్ముడుపోయాయి. ఇప్పటికీ అమెరికా వంటిళ్లలో మిక్సీ, కాఫీ యంత్రం దాచే మూల అలమరకి అదే తలుపు పెడుతుంటారు. మనోళ్ల ఇళ్లలో ఆ అలమర తెరిస్తే ఇడ్లీ గ్రైండర్ ఉంటుంది.

ఇక్కడ ఒక పక్కదారి. ఇది టాంబూర్ కాదు, దాని పిన్ని కొడుకు అనుకోండి. జార్జ్ నకషిమా అని అమెరికాలో పుట్టిన జపాన్ వాళ్ల బిడ్డ. ఆర్కిటెక్టుగా 1930లలో పాండిచ్చేరి వచ్చి అరవిందాశ్రమం వాళ్ల గోల్కొండ్ భవనం కట్టాడు. ఆ పేరేంటి అంటారా, మన గోల్కొండే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం సొమ్ము అందింది, అందుకని ఆ పేరు. అందులో గదుల తలుపులు టేకు బద్దలవి, పక్కకి జరుగుతాయి. గాలి వస్తుంది, లోపలి మనిషి కనపడడు. అలాంటి మనిషి అమెరికా తిరిగి వెళ్లాక, 1942లో, జపాన్ రక్తం ఉన్న ఎంతోమందితో పాటు అతన్నీ భార్యాబిడ్డతో క్యాంపులో వేశారు. మొత్తం లక్షా ఇరవై వేల మందిని అలా కంచెల వెనక పెట్టారు, ఎక్కువమంది ఇక్కడే పుట్టిన పౌరులు. ఇడాహోలోని ఆ మినిడోకా క్యాంపులో గెంటారో హికోగవా అనే జపాన్ వడ్రంగి తగిలాడు. పారేసిన చెక్క ముక్కలతో, ఎడారి మొద్దులతో పని చేస్తూ నకషిమా అతని దగ్గర చేతి పనిముట్లు నేర్చుకున్నాడు. తర్వాత పెన్సిల్వేనియాలో స్థిరపడి అమెరికాలో పేరుమోసిన ఫర్నిచర్ మనిషి అయ్యాడు. నేర్పినది క్యాంపులో ఉన్న ఒక వలస వడ్రంగి అని నకషిమా చెప్పుకున్నాడు కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయగలుగుతున్నాం.

మళ్లీ టాంబూర్‌కి వద్దాం, అది ఎలా పాడవుతుందో చెప్పి ఆపేస్తాం. చెక్క పాడవదు. గుడ్డ పాడవుతుంది. పాత బల్లలకి వాడింది పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. వందేళ్లకి అది ఎండి పెళుసవుతుంది, గుడ్డ చీకిపోతుంది, ఒకరోజు మూత లాగితే బద్దలు రాలి చేతిలోకి వస్తాయి. బాగుచేసేవాళ్లు ముందు వెనకవైపు పెన్సిల్‌తో వరసగా నంబర్లు వేస్తారు, అచ్చం మన కోమటి కొట్టు పలకల్లాగే. తర్వాత తడి, వేడి తగిలిస్తే పాత జిగురు కరిగి గుడ్డ ఊడి వస్తుంది, బద్దకి గీత పడదు. ఫెవికాల్ లాంటిది పట్టిస్తే అంత తేలిగ్గా ఊడదు, బద్దని గీకాల్సి వస్తుంది. అందుకే మంచి రిపేరు చేసేవాళ్లు ఈ రోజుకీ ఆ పాత జిగురే వేడి చేసి వాడతారు.

రిమోడల్ పనుల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇంటివాళ్లు పాత బల్ల డంప్‌స్టర్‌లో పడెయ్యమంటారు. పడేసే ముందు సొరుగు లాగి అడుగున, వెనకాల చూడండి, ఏదైనా కాగితం అంటించి ఉందేమో. ఒకావిడ ఎప్పుడో పాత సామాన్ల అమ్మకంలో 25 డాలర్లు పెట్టి చిన్న చీట్లాట బల్ల కొనుక్కుంది. టీవీ కార్యక్రమంలో నిపుణులు తిరగేసి చూస్తే అడుగున క్రీక్ స్క్వేర్ కాగితం ఉంది. 1998లో సదబీస్ వేలంలో అది 5,41,500 డాలర్లకి పోయింది. దొరికితే ఇంటివాళ్లకి చెప్పండి, బల్ల వాళ్లదే. ఫోటో మాత్రం ఇక్కడ పెట్టండి, మేమూ చూస్తాం.